ఓడినా ఒక పాయింటు: కాకినాడలో మేం నడిపిన టీటీ లీగ్, నా అనుభవం

2021 డిసెంబరులో మా పాపను ఒక టేబుల్ టెన్నిస్ టోర్నమెంటుకు తీసుకెళ్లాను. అప్పటికి దానికి పదేళ్లు. కాకినాడలో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఆ ఊళ్లో దిగాం. తొమ్మిదికల్లా రిపోర్ట్ చేయాలన్నారు, చేశాం. అండర్-11 బాలికల డ్రా గోడకి అంటించి ఉంది. ఒంటిగంట దాటాక మా పాప పేరు పిలిచారు. పద్నాలుగు నిమిషాల్లో 0-3తో ఓడిపోయింది. బ్యాటు కవర్లో పెట్టుకుంటూ, "నాన్నా, నా ఇంకో మ్యాచ్ ఎప్పుడు?" అని అడిగింది. నాకౌట్ అంటే ఏంటో దానికి తెలియదు. ఇంక లేదమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తిరుగు బస్సులో నిద్ర పట్టక లెక్క వేసుకున్నాను. 32 మందితో నాకౌట్ పెడితే మొత్తం 31 మ్యాచ్‌లు. 16 మంది ఒక్క మ్యాచ్ ఆడి ఇంటికి పోతారు. ఇంకో 8 మంది రెండు ఆడి పోతారు. ఫైనల్‌కి వచ్చిన ఇద్దరు ఐదేసి ఆడతారు. ఆట ఎవరికి ఇప్పటికే బాగా వచ్చో వాళ్లకే ఎక్కువ ఆట దొరుకుతోంది. ఆ టోర్నమెంటు నడిపిన వాళ్లని తప్పు పట్టడం లేదు. రెండు రోజుల్లో, ఉన్న కాసిని టేబుళ్ల మీద, అన్ని వయసుల వాళ్లనీ ఆడించి పంపాలంటే వేరే దారి లేదు. కానీ నాకు తెలిసినంతలో మా చుట్టుపక్కల ఏడాది పొడుగునా జరిగేవన్నీ ఇలాంటివే. నేను కాలేజీలో ఆడినప్పుడూ అంతే. ఓడిన వాడికి వచ్చే వారం ఇంకో మ్యాచ్ ఉంటుంది అనే ఏర్పాటు మా దగ్గర ఎప్పుడూ లేదు.

అదే మేం చేయాలనుకున్నది. మొత్తం నలుగురం. రైల్వేలో పనిచేసే ఒకాయన, ఒక లెక్చరర్, మందుల షాపు నడిపే మా స్నేహితుడు, బ్యాంకులో పనిచేసే నేను. 2022 మేలో మా క్లబ్బు వరండాలో కూర్చుని మొదలుపెట్టాం.

జట్లు దొరకడం కష్టమవుతుందనుకున్నాను. అది పది రోజుల్లో తేలిపోయింది. రాజమండ్రి, సామర్లకోట, పెద్దాపురం, పిఠాపురం, అమలాపురం నుంచి ఒక్కో జట్టు, కాకినాడలోనే రైల్వే వాళ్లతో కలిపి మూడు. మొత్తం ఎనిమిది. ఒక్కో జట్టుకి కనీసం ముగ్గురు, ఎక్కువలో ఎక్కువ ఐదుగురు. జట్టుకి రెండు వేలు ఫీజు పెట్టాం. పదహారు వేలలో హాలు అద్దె, బంతులు, టిఫిన్లు అన్నీ రావు. మిగిలింది మందుల షాపు స్నేహితుడు నలుగురి దగ్గర అడిగి తెచ్చాడు. డబ్బు గురించి ఇంతకంటే చెప్పడానికి ఏం లేదు, ఏ ఊళ్లో అయినా ఇలాగే నడుస్తుంది.

అసలు పని అంతా కాగితం మీద ఉంది. జట్టు పోటీ ఎలా పెట్టాలి అన్న దగ్గరే రెండు సాయంత్రాలు గడిచిపోయాయి. లెక్చరర్ గారు అల్టిమేట్ టేబుల్ టెన్నిస్ పద్ధతి పెడదామన్నారు. 2017లో మొదలైన ఆ ఫ్రాంచైజీ లీగ్‌లో ప్రతి మ్యాచ్‌కీ మూడు గేములే, మూడూ ఆడాల్సిందే, గెలిచిన ఒక్కో గేముకి జట్టుకి ఒక పాయింటు. 11 పాయింట్ల గేములో 10-10 అయితే డ్యూస్ (రెండు పాయింట్ల తేడా వచ్చేదాకా ఆడడం) ఉండదు, తర్వాతి పాయింటు ఎవరిదైతే గేము వాళ్లది. టైము ముందే తెలుస్తుంది, టీవీలో చూడ్డానికి బాగుంటుంది. నేను ఒప్పుకోలేదు. 10-10 దగ్గర రెండు పాయింట్ల తేడా వచ్చేదాకా చేతులు వణుకుతున్నా నిలబడి ఆడడం పిల్లలు నేర్చుకోవాలి. అది తీసేస్తే వాళ్లకి మిగిలేది సగం ఆటే.

చివరికి ఐదు సింగిల్స్ పద్ధతికి వచ్చాం. ఒక జట్టులో ఏ, బీ, సీ, ఎదుటి జట్టులో ఎక్స్, వై, జెడ్. ముందు ఏ-ఎక్స్, తర్వాత బీ-వై, సీ-జెడ్, ఏ-వై, బీ-ఎక్స్. ముందు మూడు గెలిచిన జట్టు నెగ్గినట్టు, మిగిలినవి ఆడరు. దీంట్లో నాకు నచ్చినది మూడో మ్యాచ్. మొదటి రెండూ ఒకే జట్టు గెలిచినా మూడోది ఆడాల్సిందే కాబట్టి, జట్టులో బలహీనుడైన సీ కూడా ప్రతి ఆదివారం బ్యాటు పట్టుకుంటాడు. నచ్చనిదీ అదే. సీకి ఆ ఒక్క మ్యాచే. దాని సంగతి రెండో సీజన్లో చూశాం.

ఎనిమిది జట్లు ఒకదానితో ఒకటి ఆడాలంటే ఏడు రౌండ్లు, రౌండుకి నాలుగు పోటీలు, మొత్తం 28. ఫిక్స్చర్ వేయడానికి పాత చిట్కా ఒకటుంది. పై వరసలో 1, 2, 3, 4 రాసి, కింద వరసలో 8, 7, 6, 5 రాయాలి. ఎదురెదురుగా ఉన్నవాళ్లు ఆ వారం ఆడతారు. తర్వాతి వారానికి 1ని కదపకుండా మిగతా ఏడింటినీ గడియారం ముల్లు తిరిగే వైపు ఒక్కో గడి జరపాలి. అలా ఆరుసార్లు జరిపితే ఏడు రౌండ్లూ వచ్చేస్తాయి, ఎవరూ ఎవరితోనూ రెండోసారి తగలరు, ఎవరూ మిగిలిపోరు. మా పాప చింతపిక్కలతో నేల మీద పేర్చి, నేను కాగితం మీద వేసినదాన్ని సరిచూసింది.

తారీకులు వేయడం దీనికంటే కష్టం. వినాయక చవితి, దసరా, స్కూలు పరీక్షలు, మా బ్యాంకు క్వార్టర్ ఎండింగ్ అన్నీ తప్పించి, వారం విడిచి వారం ఆదివారాలు తీసుకున్నాం. జులై 17న మొదలు, అక్టోబరు 9న ఏడో రౌండు, 16న మొదటి రెండు స్థానాల వాళ్లకి ఫైనల్. మధ్యలో ఖాళీగా ఉండే ఆదివారాలు వాయిదా పడ్డవాటికి పనికొస్తాయి. ఎవరైనా కొత్తగా మొదలుపెడుతుంటే నేను చెప్పేది ఇదే: ప్రతి ఆదివారం పెట్టకండి. ఖాళీ ఆదివారం లేని సీజన్ మొదటి వానకే చెల్లాచెదురైపోతుంది.

పాయింట్ల దగ్గర అంతర్జాతీయ సమాఖ్య గ్రూపు పోటీలకి వాడే పద్ధతే తీసుకున్నాం. గెలిస్తే 2, ఆడి ఓడితే 1, రాకపోతే 0. మొదట రైల్వే ఆయన, "ఓడినోడికి పాయింటేంటండి?" అని అడిగారు. ఎనిమిది జట్లలో కనీసం నాలుగింటికి, ఐదో రౌండు వచ్చేసరికి మేం గెలవం అని తెలిసిపోతుంది. అప్పటినుంచి వాళ్లు రావడం మానేస్తారు. వాళ్లు మానేస్తే పైన ఉన్న జట్లకి ఆడడానికి మనుషులుండరు. అమలాపురం నుంచి యానాం మీదుగా బస్సులో రెండు గంటలకి పైగా కూర్చుని వచ్చి, ఆడి, ఓడి వెళ్లినవాడికీ, ఇంట్లో పడుకున్నవాడికీ పట్టికలో తేడా కనపడాలి. ఆ 1 ఆ తేడా. మొత్తం నియమాల్లో నాకు ప్రాణంలాంటిది ఇదే.

అన్నీ ఒక పేజీలో రాసి ఎనిమిది మంది కెప్టెన్ల చేత సంతకాలు పెట్టించాం. అరగంట ఆలస్యమైతే వాకోవర్, అంటే ఆడకుండానే ఎదుటి జట్టుకి గెలుపు అని అందులో స్పష్టంగా ఉంది. వాయిదా గురించి ఒక్క మాటా లేదు.

జులై 17 పొద్దున ఆరున్నరకి ఫోన్ మోగింది. ఆ వారం గోదావరి ఎలా ఉందో ఇక్కడివాళ్లెవరూ మర్చిపోరు. భద్రాచలం దగ్గర 70 అడుగులు దాటింది, ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, కోనసీమలో గోదావరి పాయల మధ్యనుండే లంకలు నీళ్లలో ఉన్నాయి. అమలాపురం కెప్టెన్, "సార్, మా వాళ్లు ఇద్దరిది లంక ఊరు. పడవల మీద సామాను దాటిస్తున్నారు. ఈ రోజు రాలేం" అన్నాడు. వాళ్ల పోటీ రైల్వే జట్టుతో.

రూలు ప్రకారం వాకోవర్. నేను రైల్వే కెప్టెన్‌కి ఫోన్ చేశాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆయ్, ఏం మాటండి. నీళ్లల్లో ఉన్నోళ్ల మీద గెలుపేంటి? ఖాళీ ఆదివారం పెట్టేయండి" అన్నారు. ఆగస్టు 7కి వాయిదా వేశాం. నాకు చాలా సంతోషమనిపించింది. మిగతా ఆరుగురు కెప్టెన్లకి చెప్పాలన్న ఆలోచనే రాలేదు. ఎవరు ఆడాలో వాళ్లిద్దరూ ఒప్పుకున్నారు, ఇంక ఎవరికేం అభ్యంతరం అనుకున్నాను.

ఆగస్టు 7న ఆడారు. రైల్వే 3-2తో గెలిచింది. ఆ రాత్రే బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ క్రీడల మిక్స్‌డ్ డబుల్స్‌లో శరత్ కమల్‌తో కలిసి మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ బంగారు పతకం గెలిచింది. 14వ తారీకు రౌండుకి హాల్లో కుర్చీలు చాల్లేదు. ఎప్పుడూ రాని తల్లులు ఆడపిల్లల్ని తీసుకుని వచ్చారు. "మా అమ్మాయిని ఎవరి జట్టులో చేర్చమంటారండీ?" అని ఆ ఒక్క రోజే నన్ను ఐదుగురు అడిగారు. జట్లన్నీ నిండిపోయాయి కాబట్టి, టిఫిన్ టైములో ఖాళీ టేబుల్ మీద వాళ్లని ఆడిస్తూ ఉన్నాం. రెండో సీజన్లో రెండో డివిజన్ పుట్టింది ఆ టిఫిన్ టైములోనే.

అదే రోజు పెద్దాపురం జట్టు రాలేదు. శ్రావణమాసం, కెప్టెన్ చెల్లెలి కూతురి పెళ్లి. ఆ కెప్టెన్ నాకు పాతికేళ్ల స్నేహితుడు, కాలేజీలో నా డబుల్స్ పార్ట్‌నర్. శనివారం రాత్రి ఫోన్ చేసి, "అమలాపురానికి వాయిదా వేశావు కదరా, మాకూ వెయ్యి" అన్నాడు. వరదా పెళ్లీ ఒకటి కాదు, పెళ్లి తారీకు నెల ముందే తెలుసు, ఐదుగురి జట్టులో మిగతా వాళ్లని పంపొచ్చు. ఇదంతా వాడికి చెప్పాను. "మా వాళ్లంతా పెళ్లిలోనే ఉంటారురా" అన్నాడు. వాకోవర్ రాశాను. పట్టికలో వాళ్ల పేరు ఎదురుగా 0 వేసేటప్పుడు చేతికి బరువుగానే అనిపించింది. వాడు నాతో రెండు నెలలు మాట్లాడలేదు.

ఆడించే రోజున వచ్చే ఇబ్బందులు వేరు. టీటీ బంతి బరువు 2.7 గ్రాములు. సీలింగ్ ఫ్యాను తిరిగితే బంతి దారి తప్పుతుంది. అందుకని ఆగస్టు ఉక్కలో ఫ్యాన్లు ఆపేసి ఆడాలి. చూసేవాళ్లకి ఇది అర్థం కాదు, ఎవరో ఒకరు లేచి స్విచ్ వేస్తూనే ఉంటారు. చివరికి స్విచ్ బోర్డు మీద అట్టముక్క అంటించాం. వానాకాలంలో గాలిలో చెమ్మకి బ్యాటు రబ్బరు మీద కంటికి కనపడని తడి చేరుతుంది. స్పిన్ పట్టదు, బాగా ఆడేవాళ్లు స్పిన్‌తో కొట్టే లూప్ షాట్ కూడా జారి నెట్‌లో పడుతుంది. ప్రతి టేబుల్ దగ్గరా రెండు పొడి నూలు గుడ్డలు పెట్టాం, ఆరు పాయింట్లకోసారి తుడుచుకునే విరామంలో బ్యాటు కూడా తుడుచుకోమన్నాం. కరెంటు పోతే స్కోరు ఎక్కడ ఆగిందో అక్కడినుంచే మళ్లీ మొదలు. ఆగిన స్కోరు మీద ఇద్దరు ఆటగాళ్లూ వెంటనే సంతకం చేయాలి. ఇది రెండో రౌండులో ఒక గొడవ అయ్యాక పెట్టింది.

అంపైర్లు మాకు లేరు. ఒక టేబుల్ మీద ఆడుతున్న రెండు జట్లలో ఖాళీగా ఉన్నవాళ్లే స్కోరు చెప్పాలి. సర్వీస్‌లో బంతి అరచేతి మీంచి కనీసం 16 సెంటీమీటర్లు లేవాలి, ఎదుటివాడికి దాచకూడదు. పాత అలవాటు ఉన్న పెద్దవాళ్లు అరచేతిలోంచి నేరుగా బ్యాటు మీదకే వేసేస్తారు. పదమూడేళ్ల కుర్రాడు యాభై ఏళ్ల ఆయన్ని ఆపి "అంకుల్, ఫాల్ట్" అనలేడు. అందుకని సీజన్ మొదట్లోనే పెద్దలందరినీ నిలబెట్టి, అరగంట సర్వీస్ వేయించి చూపించాం. ఎవరూ చిన్నతనంగా అనుకోలేదు. అక్కడినుంచి ఫిర్యాదులు బాగా తగ్గాయి.

నాలుగో రౌండులో పిఠాపురం పెద్దాయనకీ రాజమండ్రి పెద్దాయనకీ మ్యాచ్ పడింది. ఇద్దరూ అరవై దాటినవాళ్లు, ఇద్దరూ డిఫెన్స్. ఒకాయన పొడుగు పింపుల్స్ (బొడిపెలు) ఉన్న రబ్బరుతో చాప్ చేస్తారు, అంటే బంతిని కిందికి కోస్తూ తిప్పి పంపుతారు, ఇంకొకాయన బంతిని మెల్లిగా నెట్టే పుష్ తప్ప ఇంకేం ఆడరు. ఒక్కో ర్యాలీ ఓ పట్టాన తెగదు. పది నిమిషాలైనా మొదటి గేము 7-6 దగ్గరే ఉంది. వెనక మూడు మ్యాచ్‌లు కాచుకుని ఉన్నాయి. అప్పుడు రైల్వే కెప్టెన్ వచ్చి ఎక్స్‌పెడైట్ రూలు గుర్తు చేశారు. గేము మొదలై పది నిమిషాలు గడిచినా ఇద్దరివీ కలిపి 18 పాయింట్లు కాకపోతే ఇది అమల్లోకి వస్తుంది. ఒక్కో పాయింటుకి సర్వీస్ మారుతుంది, సర్వీస్ అందుకున్నవాడు పదమూడుసార్లు బంతి తిప్పికొడితే పాయింటు వాడిదే. రైల్వే కెప్టెన్ టేబుల్ పక్కన నిలబడి ఒకటీ రెండూ అని గట్టిగా లెక్కపెడుతుంటే హాలంతా ఆ టేబుల్ చుట్టూ చేరింది. పుష్ తప్ప ఆడని పెద్దాయన సర్వీస్ వేసినప్పుడల్లా, పదమూడు లోపు పాయింటు తేవాలి కాబట్టి, స్మాష్ కొట్టడం మొదలుపెట్టారు. ఆయన స్మాష్ మేమెవరం అంతకుముందు చూడలేదు.

అలా అక్టోబరు 9కి వచ్చాం. రాజమండ్రి ఏడూ గెలిచి 14 పాయింట్లతో పైన ఉంది. దాని కింద అమలాపురం, సామర్లకోట, రైల్వే. ముగ్గురివీ ఐదు గెలుపులు, రెండు ఓటములు, 12 పాయింట్లు. ఫైనల్‌కి వెళ్లేది ఒక్కరు. వాళ్లలో వాళ్లు ఆడుకున్నప్పుడు అమలాపురం సామర్లకోటని 3-1తో గెలిచింది, సామర్లకోట రైల్వేని 3-2తో గెలిచింది, రైల్వే అమలాపురాన్ని 3-2తో గెలిచింది. ఒకరి మీద ఒకరు, గుండ్రంగా.

ఇలాంటప్పుడు సమానంగా ఉన్న ఆ ముగ్గురి మధ్య జరిగిన పోటీలనే లెక్కలోకి తీసుకోవాలి. మిగతా జట్ల మీద ఎంత భారీగా గెలిచారన్నది లెక్కలోకి రాదు. గెలిచిన మ్యాచ్‌లని ఓడిన మ్యాచ్‌లతో భాగించాలి. అమలాపురం 5 గెలిచి 4 ఓడింది, 1.25. రైల్వే 5 గెలిచి 5 ఓడింది, 1. సామర్లకోట 4 గెలిచి 5 ఓడింది, 0.8. ఫైనల్‌కి అమలాపురం. ఇది మేం సంతకాలు పెట్టించిన పేజీలోనే ఉంది, కాబట్టి దీని మీద ఎవరూ మాట్లాడలేదు.

సామర్లకోట కెప్టెన్ ఒక స్కూల్లో పీఈటీ మాస్టారు. ఆయన అందరూ వెళ్లేదాకా ఆగి, నా దగ్గరికి వచ్చి ఒక కాగితం టేబుల్ మీద పెట్టారు. "జులై 17న అమలాపురం రాలేదు. అప్పుడు వాకోవర్ ఇచ్చి ఉంటే వాళ్లకి 11 పాయింట్లే. మిగిలేది మేమూ రైల్వే. రైల్వే మీద మేం గెలిచాం. ఫైనల్‌కి మేం వెళ్లాలి. వాయిదా వేసే అధికారం మీకు ఏ రూలులో ఉందండీ?"

నేను ఆ కాగితం రెండుసార్లు చూశాను. ఆయన లెక్కలో తప్పు లేదు. వరద సంగతి చెప్పాను. ఆయన, "వరదలో ఉన్నవాళ్లకి వాకోవర్ ఇమ్మని నేను అనేవాణ్ణి కాదు మాస్టారూ. నన్ను అడిగితే నేనూ సరే అనేవాణ్ణి. నన్ను అడగలేదు, అంతే" అన్నారు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. వాయిదా వేయడం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ అది ఆ రెండు జట్ల వ్యవహారం అనుకోవడం తప్పే. లీగ్‌లో ఏ పోటీ అయినా ఎనిమిది జట్లదీ. ఆ పొద్దున రెండు నిమిషాలు పట్టే పని, గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టి అందరి చేత సరే అనిపించుకోవడం, నేను చేయలేదు. దాని ఖరీదు మూడు నెలల తర్వాత ఆ మాస్టారూ ఆయన పిల్లలూ కట్టారు. మర్నాడు గ్రూపులో తప్పు నాదేనని రాసి, అందరు కెప్టెన్లనీ అభిప్రాయం చెప్పమన్నాను. ఏడుగురు ఫలితం అలాగే ఉంచమన్నారు. ఎనిమిదో వాడు పెద్దాపురం నా స్నేహితుడు, వాడు ఏమీ రాయలేదు. సాయంత్రం చూసుకుంటే ఆ ఏడుగురిలో సామర్లకోట మాస్టారు కూడా ఉన్నారు.

ఫైనల్‌లో రాజమండ్రి 3-1తో గెలిచింది. బాగా ఆడారు.

పట్టిక అడుగున ఇంకొకటి జరిగింది. రెండో సీజన్లో రెండు డివిజన్లు పెట్టాలని, మొదటి ఆరు జట్లు పైన ఉంటాయని ఆగస్టులోనే అందరికీ రాసి పంపాం. ఆరో స్థానానికి 8 పాయింట్లు సరిపోయాయి. ఒకటి గెలిచి ఆరు ఓడినవాళ్లకి వచ్చేవి అవే. పెద్దాపురం కూడా ఒకటి గెలిచింది, ఆరు ఓడింది. కానీ వాళ్లకి 7. ఆ పెళ్లి రోజు పాయింటు ఉంటే మిగతా ఇద్దరితో సమానంగా నిలిచి లెక్కలోకి వచ్చేవాళ్లు. అది లేక అట్టడుగున ఎనిమిదో స్థానంలో మిగిలి రెండో డివిజన్‌కి వెళ్లారు. పట్టిక పంపిన రాత్రి వాడే ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను. "ఆ రోజు ఇద్దరు కుర్రాళ్లని పంపినా సరిపోయేది కదరా" అన్నాడు. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. తర్వాత పెళ్లి ఎలా జరిగిందో అడిగాను.

డిసెంబరులో పిల్లలకి విడిగా వ్యక్తిగత పోటీలు పెట్టాం. అండర్-15 బాలురకి 19 పేర్లు వచ్చాయి. నేరుగా నాకౌట్ అయితే 32 గడుల డ్రా వేసి, 13 మందికి మొదటి రౌండులో బై ఇవ్వాలి, అంటే ఆడకుండానే రెండో రౌండుకి పంపాలి. దానికి బదులు నలుగురేసి నాలుగు గ్రూపులు, ముగ్గురిది ఒకటి చేశాం. గ్రూపు దశలోనే 27 మ్యాచ్‌లు. ఒక రోజు పోటీ రెండు రోజులైంది, హాలు అద్దె రెండింతలైంది. కానీ వచ్చిన ప్రతి పిల్లవాడూ కనీసం రెండు మ్యాచ్‌లు ఆడాడు. డ్రా చీటీలు పిల్లల చేతే, తల్లిదండ్రుల ముందే తీయించాం. ఒకే క్లబ్బు పిల్లలు మొదట్లోనే తగలకుండా వేర్వేరు గ్రూపుల్లో వేశాం. గదిలో తలుపు వేసుకుని డ్రా తీస్తే, ఎంత నిజాయితీగా తీసినా నమ్మరు. నమ్మాలని అడిగే హక్కూ మనకి లేదు.

2023 జూన్‌లో రెండో సీజన్‌కి నియమాలు రాయడానికి కూర్చున్నప్పుడు సామర్లకోట మాస్టారిని పిలిచాం. ఒక పేజీ నాలుగు పేజీలైంది. మొదటి డివిజన్ పాత పద్ధతిలోనే ఐదు సింగిల్స్. రెండో డివిజన్లో, అంటే పిల్లలూ కొత్తవాళ్లూ ఎక్కువ ఉన్న దాంట్లో, తొమ్మిది సింగిల్స్. ముగ్గురూ ఎదుటి ముగ్గురితోనూ ఆడతారు. టైము చాలదు కాబట్టి ఒక్కో మ్యాచ్ మూడు గేములకే. ముందు ఐదు గెలిచారని ఆపకుండా తొమ్మిదీ ఆడించేస్తాం. అప్పుడు జట్టులో సీ కూడా రోజుకి మూడు మ్యాచ్‌లు ఆడతాడు. మా పాప ఆ డివిజన్లో సీగా ఆడింది. మొదటి రోజు మూడూ ఓడిపోయి వచ్చి, మళ్లీ ఎప్పుడు అని అడిగింది. తారీకు చెప్పాను. ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో ఆ తారీకు చుట్టూ గీత గీసుకుంది.

వాయిదా నియమం మాస్టారే రాశారు. వాయిదా అడిగితే, ఆ పోటీతో సంబంధం లేని ఇద్దరు కెప్టెన్లు నిర్ణయించాలి. నిర్ణయం అదే రోజు గ్రూపులో పెట్టాలి. నాకు గానీ మా నలుగురిలో ఎవరికి గానీ అందులో ఓటు లేదు.

ఆ నియమాన్ని మొదట వాడింది సామర్లకోటే. ఆగస్టులో వాళ్ల ఇద్దరు ఆటగాళ్లకి పరీక్ష పడింది, ఒకరికి జ్వరం. శుక్రవారం మాస్టారు వాయిదా అడిగారు. పిఠాపురం, రాజమండ్రి కెప్టెన్లు మాట్లాడుకుని, పరీక్ష తారీకు ముందే తెలుసు కాబట్టి కుదరదన్నారు. ఆదివారం తొమ్మిదింటికి మాస్టారు మిగిలిన ఒక్క కుర్రాణ్ణి వెంటబెట్టుకుని, తనే బ్యాటు పట్టుకుని వచ్చారు. మూడో మ్యాచ్ ఆడేవాడు లేక వదులుకున్నారు. ఆ కుర్రాడు ఒకటి గెలిచాడు. 3-1తో ఓడిపోయారు. స్కోరు షీటు మీద ఆయన సంతకం పెట్టాక, పట్టికలో సామర్లకోట పేరు ఎదురుగా 1 వేశాను.